ఎడమచేతి మోత

మోటారు మేస్త్రికి తన ఎడమచెయ్యంటే ఉన్నంత గౌరవం ఈ లోకంలో ఇంకెవరి మీదా లేదు. బస్సులో ఎవరైనా ఎడంపక్కకి వచ్చి నిలబడితే చాలు, "కొంచెం జరగండి బాబూ, ఈ చెయ్యి నాది కాదు, ఆస్పత్రిది" అనేవాడు. గడియారం కుడిచేతికి మార్చాడు. సంచీ కుడిచేత్తోనే మోసేవాడు. ఎడమచేతికి బీపీ పట్టీ చుట్టబోయిన వాళ్ల మీద కయ్యిమని లేచేవాడు. ఒకసారి కళ్ల డాక్టరు దగ్గర పట్టీ చుట్టబోయిన పిల్లని ఎంత అదరగొట్టాడంటే, ఆ పిల్ల పాపం రెండో చేతి జోలికి కూడా పోకుండా కాగితం మీద నూట ముప్పై అని రాసేసుకుని వెళ్లిపోయింది.

అంత భయభక్తులు ఎందుకంటే, ఆయన ప్రాణం ఆ చేతిలో తిరుగుతోంది. మాటవరసకి అనడం లేదు. రెండు కిడ్నీలూ పని మానేసి ఐదేళ్లయింది. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు, ఒంట్లోని రక్తం బయటికి వచ్చి యంత్రంలో శుభ్రపడి మళ్లీ లోపలికి పోవాలి. అంత రక్తం అంత జోరుగా రావాలంటే మామూలు సిర చాలదు, ప్రత్యేకంగా దారి వెయ్యాలి. ఆ దారులు మూడు రకాలని రక్తనాళాల డాక్టరు మొదట్లోనే కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు.

మొదటిది మెడ దగ్గర నుంచి లోపలికి పెట్టే పైపు. పెట్టిన రోజే పనిచేస్తుంది, కానీ చీము పట్టే భయం ఎక్కువ, తడి తగలకూడదు, సుబ్బరంగా నీళ్లు పోసుకోవడానికి ఉండదు. రెండోది చర్మం కింద ఒక గొట్టాన్ని అతికించడం, దాన్ని గ్రాఫ్ట్ అంటారు. రెండు మూడు వారాల్లో సూదికి పనికొస్తుంది గానీ తొందరగా పూడుకుపోయే గుణం ఉంది. మూడోది మన సొంత సరుకు. చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టేస్తే ధమని జోరంతా సిరలోకి పోయి, కొన్ని వారాల్లో ఆ సిర లావెక్కి సూదులకి తట్టుకుంటుంది. దాని పేరు ఫిస్టులా. కుదిరితే అన్నిటికన్నా మంచిదీ, ఎక్కువకాలం వచ్చేదీ అదే.

"అంటే మీటరుతో పని లేకుండా మెయిన్ లైను డైరెక్టుగా కలిపేస్తారన్నమాట," అన్నాడు మేస్త్రి. ముప్పై ఏళ్లు కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టి మళ్లీ బతికించిన మనిషికి ఏం చెప్పినా ఆ భాషలోనే బుర్రకెక్కుతుంది. డాక్టరు నవ్వి, ఇంచుమించు అంతేనన్నాడు.

చెప్పడానికి మూడు దారులు. మేస్త్రి దగ్గరికొచ్చేసరికి ఒక్కటొక్కటే మూసుకుపోతూ వచ్చాయి. మెడ పైపుకి రెండుసార్లు చీము పట్టి, చలిజ్వరంతో మంచం అదిరిపోయేటట్టు వణికాడు. ఎడమ మణికట్టు దగ్గర కట్టిన మొదటి ఫిస్టులా మూడు నెలలకే మూగబోయింది. కుడిచేతిలో కట్టింది అసలు లావే ఎక్కలేదు. ఆఖరికి ఎడమ మోచేతికి కాస్త పైన కట్టింది పట్టుకుంది. నాలుగేళ్లుగా అదే మోస్తోంది. "గ్రాఫ్ట్ వెయ్యడానికి కూడా మీ సిరలు అంత బాగా లేవు. ఇది పోయిందంటే మళ్లీ మెడ పైపే. జాగ్రత్త," అని డాక్టరు ఆనాడే చెప్పేశాడు.

ఇక ఆ చెయ్యి చేసే మోత సంగతి చెప్పాలి. పనిచేసే ఫిస్టులా నోరు మూసుకుని ఉండదు. వేళ్లు ఆనిస్తే జుమ్మని అదురుతుంది. చెవి పెట్టి వింటే సన్నటి మోత వస్తుంది. ఆ మోత ఉందో లేదో రోజూ చూసుకోవాలి. ఉంటే దారి తెరిచి ఉన్నట్టు, లేకపోతే పరుగున ఆస్పత్రికి పోవాలి. అందరు పేషెంట్లూ పొద్దున్నే లేచి వేళ్లు పెట్టి చూసుకుంటారు. మేస్త్రికి ఆ అవసరం లేదు. ఆయన రాత్రంతా దాని మీద చెవి పెట్టుకునే పడుకుంటాడు.

అదే చెయ్యకూడని పని. ఫిస్టులా ఉన్నవాళ్లకి ఆస్పత్రివాళ్లు ఒక కార్డు ఇస్తారు. బరువులు మోయరాదు, గాజూ గడియారం పెట్టరాదు, బీపీ చూడనివ్వరాదు, పరీక్షకని రక్తం తీయనివ్వరాదు అని వరసగా ఉంటుంది. ఆఖరి వాక్యం: ఆ చేతి మీద తల పెట్టి పడుకోరాదు. మేస్త్రి ఆ కార్డుని మంచం పక్క గోడకి అతికించుకున్నాడు. దాని అడుగు అంచు మీదకి వచ్చేటట్టుగా కేలండరు తగిలించాడు. కార్డు మొత్తం కనబడుతుంది, ఆ ఆఖరి వాక్యం తప్ప. కావాలని చెయ్యలేదట, మేకు అక్కడే ఉందట.

ఎందుకు పడుకుంటాడో తెలియాలంటే ఆయన ఇంటావిడ సంగతి తెలియాలి.

వాళ్లది రెండు గదుల కొంప. ముందుగది షాపు, వెనకగది కాపురం. మోటారు లోపల రాగితీగ చుట్టలు ఉంటాయి కదా, వాటిని ముందు ఒక చేతిమిషను మీద చుట్టి, తర్వాత మోటారు లోపలి గాడుల్లోకి దించాలి. ఒక్కో చుట్టకి ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది. లెక్క తప్పితే మోటారు వేడెక్కి మళ్లీ కాలుతుంది. మిషను తిప్పేది ఆవిడ, లోపలికి దించేది ఈయన. ఆవిడ పెదాల కిందే లెక్కపెట్టుకుంటూ తిప్పేది. వందకి రాగానే ఆగేది. ఇటునుంచి ఈయన "ఊఁ" అనేవాడు. అప్పుడు పలక మీద సుద్దగీత ఒకటి గీసి, మళ్లీ ఒకటి నుంచి అందుకునేది.

ముప్పై ఒక్క ఏళ్లు అలాగే గడిచింది. పిల్లలు లేరు, ఇంట్లో మాట్లాడుకోవడానికి పెద్ద విషయాలూ లేవు. ఇద్దరూ అంత పుల్లవిరుపుగా మాట్లాడే రకమేమీ కాదు గానీ, తగువులు మాత్రం వచ్చేవి. మొహమొహాలు చూసుకోని రోజులు ఉండేవి. ఆ రోజుల్లో కూడా వందకి ఒక ఊఁ ఉండేది. చుట్ల దగ్గర తగువు పెట్టుకుంటే మోటారు కాలిపోతుంది మరి.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ గుండెల్లో మంటగా ఉందని మిషను దగ్గర నుంచి లేచి వెళ్లి పడుకుంది, ఇంక లేవలేదు. పలక మీద ఏడు గీతలు ఉన్నాయి. నెల తిరిగాక మేస్త్రి ఒక్కడే కూర్చుని మిషను తిప్పబోయాడు. అరవై దాటేసరికి లెక్క ఎటో పోయేది. మళ్లీ మొదటికి వచ్చేవాడు. మళ్లీ అరవై దగ్గరే పోయేది. అలా రెండు నీళ్ల మోటార్లు తగలేశాక, ఇంక చాల్లే అనుకుని షాపు షట్టరు దించేశాడు. ఒంటికాయ సొంటికొమ్ములా మిగిలాడు.

అప్పుడే ఒకరోజు పొద్దువాలేవేళ, మంచం మీద ఎడంపక్కకి తిరిగి, చెయ్యి మడిచి తలకింద పెట్టుకున్నాడు. మోచేతి పైభాగం సరిగ్గా చెవి వెనక ఎముకకి ఆనింది. మెకానిక్కులకి ఒక కిటుకు ఉంది. నడుస్తున్న మోటారు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుంటే లోపల బేరింగు ఏమంటోందో వినబడుతుంది. మేస్త్రికి ఇప్పుడు అలాగే వినబడింది. చెవిలోంచి కాదు, ఎముకలోంచి. గుండె కొట్టుకున్నప్పుడల్లా మోత కాస్త లేచి తగ్గుతోంది. ముందుగదిలో ఎవరో పెదాల కింద లెక్కపెట్టుకుంటున్నట్టుంది. మాటలు తెలియవు, గొణుగుడే తెలుస్తుంది. ఆవిడ గొణుగుడు కూడా అంతే, ఎన్నడూ అంకెలు స్పష్టంగా వినబడి ఎరగడు.

ఆవేళ హాయిగా నిద్రపోయాడు. మర్నాడూ అలాగే పడుకున్నాడు. అలా మూడేళ్లు.

*

డయాలసిస్ వార్డులో మేస్త్రిది కిటికీ పక్క మంచం. దాని పక్కది లెక్కల మాస్టారిది. రిటైరైనా పాఠం చెప్పే అలవాటు పోలేదాయనకి, యంత్రం మీద కనిపించే అంకెలన్నీ కూడి తీసివేసి పక్కవాళ్ల ప్రాణం తీసేవాడు. వాళ్లిద్దరికీ సూదులు వేసేది పెద్ద సిస్టర్. వార్డు మొత్తానికీ ఆవిడ చెయ్యే మంచి చెయ్యి. ముందు అరచెయ్యి ఆనించి చూసేది, తర్వాత స్టెతస్కోపు పెట్టి వినేది, ఆ తర్వాతే సూది తీసేది. ఏడాది నుంచి మేస్త్రికి ఇంకొకళ్లు సూది వెయ్యలేదు. ఆయన వెయ్యనిచ్చేవాడు కాదు.

ఆవిడతో ఒక్క విషయంలోనే పేచీ. నాలుగు గంటలయ్యాక సూదులు తీసేస్తే, రక్తం ఆగేదాకా ఆ చోట పదినిమిషాలు నొక్కి పట్టుకోవాలి. గోడ గడియారం ఆవిడ వెనకవైపు ఉండేది. అందుకని ఆవిడ ఒకటి రెండు అని లెక్కపెట్టుకుంటూ ఆరువందల దాకా నొక్కేది. మేస్త్రి మాత్రం, "నా చెయ్యి నేను నొక్కుకోగలనమ్మా, నువ్వు మాస్టారి సంగతి చూడు," అనేవాడు.

"ఆయనకి ఆ చేతిని ఎవరికైనా అప్పు ఇవ్వాలంటే మనసొప్పదు సిస్టర్," అనేవాడు మాస్టారు.

నెల రోజుల కిందట ఒకరోజు మేస్త్రి ఎంత నొక్కినా రక్తం ఆగలేదు. పావుగంట అయింది, ఇరవై నిమిషాలైంది, గుడ్డ మీద గుడ్డ తడుస్తూనే ఉంది. తర్వాతి వారం యంత్రం ఒకటే కూత. రక్తం తిరిగి లోపలికి పోవడానికి ఎక్కడో అడ్డం తగులుతోందని దానర్థం. పెద్ద సిస్టర్ అరచెయ్యి ఆనించి చూసింది, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. తర్వాత మంచం అంచున కూర్చుని మెల్లిగా అడిగింది.

"బాబాయ్, రాత్రిళ్లు ఈ చెయ్యి మీద గానీ పడుకుంటున్నారా?"

మేస్త్రి గతుక్కుమన్నాడు. వెంటనే మొహం గంటు పెట్టుకుని, "నేనా? కార్డు మొత్తం అప్పజెప్పమంటావా?" అన్నాడు. అడక్కుండానే అప్పజెప్పాడు కూడా. బరువుల దగ్గర మొదలుపెట్టి పరీక్షకని రక్తం తీయడం దగ్గర ఆపాడు.

"లేదులెండి, మీ సంగతి నాకు తెలీదా? ఊరికే అడిగాను," అంది సిస్టర్. అని, ఆయన కళ్లముందే చీటీ మీద రాసింది: చేతి మీద పడుకోవడం లేదు. రోగి చాలా జాగ్రత్తపరుడు.

ఆవిడ అలా ఇట్టే నమ్మేసినందుకు మేస్త్రికి ఎక్కడో చురుక్కుమంది. చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. కానీ ఏమని చెప్తాడు? ఇంట్లో పలకరించే దిక్కులేక చెయ్యి మాటలు వింటున్నానని కూతురు వయసు పిల్లకి చెప్తాడా? నోరు మూసుకున్నాడు.

నిజానికి ఆయనకి అందరికన్నా ముందే తెలుసు. మోత మారింది. పొద్దువాలేవేళ పడుకోబోయేటప్పుడు నిండుగానే ఉంటుంది. తెల్లారేసరికి సన్నబడి ఈల వేస్తుంది. నూనె ఎండిపోయిన బేరింగు అలాగే వేస్తుంది. ఎవరైనా షాపుకి అలాంటి మోటారు తెస్తే, "ఇంక రెండు వారాలు కూడా రాదు, విప్పెయ్యండి," అని మొహం మీదే చెప్పేవాడు. తన చేతి దగ్గరికొచ్చేసరికి అంత తెలివీ ఏ గట్టున పెట్టాడో మరి. కుడిపక్కకి తిరిగి పడుకుని చూశాడు. కొంప ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, తన ఊపిరి తనకే ఎవరిదో అనిపించి లేచి కూర్చున్నాడు. ఈ ఒక్కరోజుకే అనుకుంటూ మళ్లీ ఎడంపక్కకి తిరిగాడు. ఆ ఒక్కరోజు పద్నాలుగు రోజులైంది.

ఆ తర్వాత ఒకరోజు వార్డుకి వెళ్లేసరికి పెద్ద సిస్టర్ లేదు. ఎవరో కొత్త టెక్నీషియను వచ్చి, మొదటి సూది పక్కకి పోనిచ్చి, రెండోది వేశాడు. మేస్త్రి పళ్లు బిగబట్టి, "సిస్టర్ సెలవా?" అని అడిగాడు.

టెక్నీషియను వెళ్లేదాకా ఆగి మాస్టారు చెప్పాడు. "సెలవు కాదు మేస్త్రీ, నీ చెయ్యి పుణ్యమే. వార్డు డాక్టరు నీ కాగితాలన్నీ తిరగేశాడు. ఏడాదిగా సూది వేసింది ఆవిడొక్కతే. ఒకే చోట పొడిచి పొడిచి నరం పాడుచేసిందన్నారు."

"ఒకే చోట ఎక్కడ వేసింది? రోజూ చోటు మార్చేది కదా!"

"ఆవిడా అదే అంది. అయితే ఇంకేం కారణమో చెప్పమన్నారు. చేతి మీద పడుకుంటున్నాడేమో అంటే, పడుకోవడం లేదని ఆవిడ చేత్తోనే రాసుంది కదా. ఇంకేం చెప్తుంది? సూదులు వెయ్యొద్దని కింద స్టోరులో కూర్చోబెట్టారు. దూదిచుట్టలు లెక్కపెడుతోంది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. నాలుగు గంటలూ కిటికీ వైపే చూస్తూ పడుకున్నాడు. మాస్టారు రెండు మూడుసార్లు కదిపి చూసి, ఈ మనిషికి ఇవాళ లెక్కలు పనికిరావని ఊరుకున్నాడు. వెళ్లేటప్పుడు మేస్త్రి మెట్లు దిగి స్టోరు గుమ్మం దాకా వెళ్లాడు. తలుపు సగం తెరిచి ఉంది. సిస్టర్ బల్ల ముందు కూర్చుని పెట్టెలోంచి కట్టలు తీసి పేరుస్తోంది, పెదాలు కదులుతున్నాయి. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. తేలుకుట్టిన దొంగలా వెనక్కి వచ్చేశాడు.

*

రక్తనాళాల డాక్టరు చేతి మీద చల్లటి జెల్లు రాసి, యంత్రం ఆనించి తెర వైపు చూశాడు.

"ఇదిగో, ఇక్కడ సన్నబడింది. సిరలోకి చిన్న బెలూను పంపించి వెడల్పు చేస్తాను. పూర్తిగా మూసుకుపోకముందే వచ్చారు, అదృష్టం. అయితే కారణం సరిచేసుకోకపోతే మళ్లీ ఇక్కడికే వస్తాం." కాగితాలు తిరగేశాడు. "సూదుల వల్లేనని రాశారు కదా. కొత్తవాళ్లని పెట్టారట, ఇక ఫరవాలేదు."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "సూదుల వల్ల కాదండి."

"మీకెలా తెలుసు?"

ఇప్పుడైనా అసలు మాట అనొచ్చు కదా! అనలేదు. మేస్త్రి కదా, ముందు యంత్రం గురించి వాదన పెట్టుకున్నాడు. "సూదుల వల్లయితే మోత రోజంతా ఒకేలా చెడాలి కదండీ. ఇది అలా కాదు. సాయంత్రం నిండుగా ఉంటుంది. తెల్లారేసరికి ఈలేస్తుంది. లేచి తిరిగితే ఒక గంటకి మళ్లీ కుదుటపడుతుంది. అంటే రాత్రిపూట దాన్ని ఏదో నొక్కుతోందన్నమాట. లోపలి తప్పు కాదు, పైనుంచి పడుతున్న బరువు."

డాక్టరు తెర మీంచి కళ్లు తిప్పి ఆయన వైపు చూశాడు. "భలే పట్టుకున్నారే. మరి రాత్రి ఎలా ఉందో, తెల్లారేసరికి ఎలా ఉందో, అంత కచ్చితంగా ఎలా విన్నారు?"

గదిలో యంత్రం తాలూకు చిన్న ఫ్యాను తిరుగుతోంది. దాని బేరింగు కూడా పాడైందని మేస్త్రికి తెలుస్తూనే ఉంది. తన నోటితోనే తన దొంగతనం మొత్తం విప్పి బల్ల మీద పెట్టాడని కూడా తెలిసింది.

"దాని మీదే పడుకుంటున్నానండి," అన్నాడు.

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లు."

"కార్డు ఇచ్చారు కదా? సిస్టర్ అడిగిందని కూడా ఇక్కడ ఉంది."

"అడిగింది. అబద్ధం చెప్పాను."

"ఎందుకని?"

మేస్త్రి చేతి మీద ఆరిపోతున్న జెల్లు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి, "మా ఇంట్లో ఇంకో చప్పుడు లేదు డాక్టరు గారూ," అన్నాడు.

డాక్టరు రాస్తున్న కలం ఆగింది. "తల బరువు వల్లేనని నేను కూడా నూటికి నూరుపాళ్లు చెప్పలేను," అన్నాడు. "ఇంకేవైనా కారణాలు కూడా ఉండొచ్చు. కానీ అది మంచిది మాత్రం కాదు. మళ్లీ అలా పడుకుంటే ఒకరోజు తెల్లారేసరికి ఈల కూడా ఉండదు. ఇదంతా కాగితం మీద రాయమంటారా?"

"రాయండి. నేను అబద్ధం చెప్పానని పెద్ద అక్షరాలతో రాయండి. సిస్టర్ తప్పేం లేదని దాని కింద గీత కూడా గీయండి."

ఆ మర్నాడే బెలూను పంపి దారి వెడల్పు చేశారు. డాక్టరు వేలు ఆనించి, బాగుందన్నాడు. మేస్త్రి కూడా వేలు ఆనించాడు. జుమ్మని నిండుగా తగిలింది. ఆయన చెవి దగ్గరికి తీసుకోలేదు.

ఇంటికొచ్చి మొట్టమొదట కేలండరు తీసి ఎదురుగోడకి తగిలించాడు. ఆ రోజు నుంచి కుడిపక్కకి తిరిగి, ఎడమచేతిని ఒక దిండు మీద విడిగా పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. ఆ దిండు ఇంటావిడదే. చెయ్యి దాని మీద అతిథిలా పడుకుని ఉండేది, లోపల ఏమనుకునేదో ఈయనకి వినబడేది కాదు. ఆవిడ పోయి మూడేళ్లయిందని వీధిలో వాళ్లంతా ఎరుగుదురు. మేస్త్రికి మాత్రం ఆ వారమే తెలిసింది. తెలిసి, పొద్దున్న పూట పంపు దగ్గర మొహం కడుక్కుంటూ, నీళ్లు ధారగా పోతున్నా కట్టెయ్యకుండా ఏడ్చాడు.

*

పెద్ద సిస్టర్ మళ్లీ వార్డులోకి వచ్చిన రోజు మాస్టారు పెళ్లివారి హడావిడి చేశాడు. సిస్టర్ నవ్వుతూ ఆయనకి సూదులు వేసి, ఇటు తిరిగాక నవ్వు తీసేసింది. మేస్త్రి చేతిమీద అరచెయ్యి ఆనించింది, స్టెతస్కోపు పెట్టి వింది, సూదులు వేసింది.

"తల్లీ, తప్పయిపోయింది," అన్నాడు మేస్త్రి.

సిస్టర్ ట్యూబులకి ప్లాస్టరు వేస్తూ తలెత్తలేదు. "అబద్ధం చెప్పారని కాదు బాబాయ్ నా కోపం. రోజుకి పదిమంది చెప్తారు. నీళ్లు తాగలేదంటారు, ఉప్పు తినలేదంటారు. మీరు చెప్తారనుకోలేదు. మీ మాట మీద నా చేత్తో రాశాను."

"చెప్పడానికి సిగ్గేసిందమ్మా."

"నాకు స్టోరులో సిగ్గెయ్యలేదా?"

సిస్టర్ వెళ్లిపోయింది. గంటకోసారి వచ్చి అంకెలు రాసుకుంటూ పోయింది. యంత్రం ఒక్కసారి కూడా కూత పెట్టలేదు. నాలుగోసారి వచ్చినప్పుడు మాత్రం మంచం పక్కన ఆగింది. డాక్టరు రాసిన కాగితంలో అన్నీ ఉన్నాయి కదా, ఇంట్లో ఇంకో చప్పుడు లేదన్న మాటతో సహా.

మెడలోంచి స్టెతస్కోపు తీసి, గుండ్రటి బిళ్లని ఆయన చేతికి ఆనించి, రెండో కొస ఆయన చెవుల్లో పెట్టింది. "ఇలా అయితే పడుకోకుండానే వినొచ్చు. నా పాతది ఒకటుంది, కావాలంటే ఇస్తాను," అంది.

మేస్త్రి ఊపిరి బిగబట్టి విన్నాడు. చాలా గట్టిగా, చాలా స్పష్టంగా ఉంది. గాలి తోడినట్టు ఒకటే హోరు. పంపు నడుస్తోంది. పంపు మాత్రమే నడుస్తోంది. గొణుగుడు లేదు, ముందుగది లేదు. ఎంత చెవొగ్గినా లేదు. ఎముకలోంచి విన్నది వేరు, రబ్బరు గొట్టంలోంచి విన్నది వేరు. మెల్లిగా చెవుల్లోంచి తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"మోటారు బ్రహ్మాండంగా ఉంది తల్లీ. పాతది నీ దగ్గరే ఉండనీ, నాకొద్దు."

యంత్రం ఆగింది. సూదులు తీసి, ఎప్పటిలాగే గుడ్డమడత ఆయన వేళ్ల కింద పెట్టి, నొక్కుకోమన్నట్టు లేవబోయింది. మేస్త్రి వేళ్లు తీసేశాడు. సిస్టర్ కంగారుగా వంగి తన రెండు వేళ్లతో అదిమి పట్టింది.

"ఏంటి బాబాయ్, రక్తం కారిపోతుంది!"

"నావల్ల కావడం లేదమ్మా. అరవై దాటేసరికి లెక్క తప్పుతున్నాను. మూడేళ్లుగా ఇంతే," అన్నాడు మేస్త్రి. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. "నువ్వే నొక్కు. లెక్క కూడా నువ్వే పెట్టు. కాస్త వినబడేటట్టు పెట్టు."

సిస్టర్ ఒకసారి మాస్టారి వైపు చూసింది. నోరు ఊరుకోని మాస్టారు కూడా అవతలి గోడ వైపు తల తిప్పుకున్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒకటి," అంది. "రెండు. మూడు."

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ముప్పై దాటింది. అరవై దాటింది. డెబ్బై, ఎనభై, తడబడకుండా సాగిపోతోంది. ఆవిడ వేళ్ల కింద చెయ్యి మెత్తగా అదురుతోంది. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది.

"వంద," అని సిస్టర్ ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఊఁ," అన్నాడు మేస్త్రి.